కృష్ణాతీరంలో మెట్లు: జారిపడటం వెనుక చరిత్ర

ప్రమాదాల చరిత్ర అనగానే మనకు ఉప్పెనలు, వరదలు గుర్తుకు వస్తాయి. కాలు జారి పడటాన్ని ఎవరూ చరిత్రగా చూడరు. "చూసుకుని నడవాలి కదా" అన్న మందలింపుతో ఆ సంగతి ముగిసిపోతుంది. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారు. వారిలో అరవై ఏళ్లు దాటినవారే ఎక్కువ. ఇన్ని మరణాలకు అజాగ్రత్త ఒక్కటే కారణమా? విజయవాడను ఉదాహరణగా తీసుకుని పరిశీలిద్దాం.

1. నీటి అంచున మెట్టు

కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1852-55 మధ్య విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట కట్టారు. 1952లో దానికి గండి పడింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలువలకు నీరందేలా నదిని ఒక మట్టంలో నిలిపి ఉంచడం ఈ కట్టడాల పని. డెల్టా పంటలకు ఇదే ఆధారం. అయితే నీరు నిలిచే చోట, ఎగువ ఘాట్లలోని కింది మెట్లు ఎక్కువ కాలం తడిగా ఉండి పాచి పడతాయి. వరద తీశాక వాటిపై ఒండ్రు మిగులుతుంది. అంటే జారే చోటు ఏదో ముందుగానే తెలుసు. పాచిని గీకించడం, గరుకు రాయి వేయడం, పట్టుకోవడానికి గొలుసు, కమ్మీ అమర్చడం దీనికి నివారణ.

2. పుష్కరాల పాఠం

2015 జూలై 14న, గోదావరి పుష్కరాల తొలిరోజున, రాజమండ్రి పుష్కర ఘాట్ వద్ద తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా మరణించారు. కిక్కిరిసిన జనంలో ఒకరు పడితే వెనుకవారు ఆగలేరు, పడినవారు లేవలేరు. ఈ విషాదం తరువాత, 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగిన కృష్ణా పుష్కరాలకు విజయవాడలో ఘాట్లను విస్తరించారు, గజ ఈతగాళ్లను నియమించారు. ప్రమాదాన్ని విధిగా భావించకుండా ఏర్పాట్లతో ఎదుర్కొన్నారన్నమాట.

3. కొండవాలు ఇళ్లు, వరద బురద

మొగల్రాజపురం, గుణదల వంటి చోట్ల కొండవాలుల్లో ఇళ్లున్నవారికి పుష్కరం అక్కర్లేదు, రోజూ మెట్లే. నివాస భవనాల్లో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించరాదనీ, వెడల్పు 250 మిల్లీమీటర్లకు తగ్గరాదనీ జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. స్థలం దొరికిన మేరకు కట్టుకున్న మెట్లు ఈ కొలతకు లోబడవు. నాలుగు మెట్లు ఒకే ఎత్తున ఉండి అయిదవది మారితే, అలవాటుపడిన కాలు అక్కడే తడబడుతుంది. నీళ్ల బిందెతోనో గ్యాస్ బండతోనో ఎక్కేవారికి తమ పాదమే కనిపించదు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంపు తగ్గాక ఇళ్లలో, వీధుల్లో పేరుకున్న బురదను కడగడానికి అగ్నిమాపక యంత్రాలను వాడారు. నీరు తీయడంతోనే ప్రమాదం తీరిపోదని ఇది గుర్తుచేస్తుంది.

ముగింపు

పన్నెండేళ్లకొకసారి పన్నెండు రోజులు చూపే శ్రద్ధ మిగతా రోజుల్లో ఎందుకు సడలుతుంది? పెద్ద దుర్ఘటనకు విచారణ ఉంటుంది. విడివిడిగా పడేవారికి లెక్క ఉండదు. లెక్కలో లేనిదానికి నిధులూ అరుదే. అందుకే జారిపడటం నడిచేవారి తప్పుగా మిగిలిపోతోంది. నిజానికి అది మెట్టు కట్టినవారు, దాన్ని శుభ్రం చేయవలసినవారు కూడా పంచుకోవలసిన బాధ్యత. కృష్ణా పుష్కరాలు మళ్లీ 2028లో వస్తాయి. అంతవరకూ ఘాట్‌కు వచ్చేవారు ఉంటూనే ఉంటారు.

అభ్యాసం: మీ ఊరి రేవును గాని, గుడి మెట్లను గాని పరిశీలించండి. వాటిని ఎవరు, ఎప్పుడు కట్టించారు? ఇప్పుడు ఎవరు బాగుచేయిస్తున్నారు? అక్కడ ఎక్కువగా పడేవారు ఎవరు? పెద్దలను అడిగి, ఒక పుటకు మించకుండా రాయండి.