గంతకు తగ్గ బొంత

మా ఆఫీసులో ప్రతి డిసెంబర్‌లోనూ సీక్రెట్ శాంటా అని ఒక తంతు జరుగుతుంది. మీ ఆఫీసుల్లోనూ ఉండే ఉంటుంది. చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ళకి ఐదొందలు దాటకుండా ఏదో ఒకటి కొనివ్వాలి. పోయినసారి నాకు కాఫీ మగ్గు వచ్చింది. అంతకు ముందు ఏడాది కూడా మగ్గే. నేను మాత్రం ఏం తక్కువ తిన్నానా, నేనూ మగ్గే ఇచ్చా. ఆర్డర్ పెట్టడానికి నాలుగు నిమిషాలు పట్టింది. గిఫ్ట్ ప్యాకింగ్ కావాలా అని అడిగితే కావాలని నొక్కాను. నేను పడ్డ శ్రమంతా అదే.

ఆ శనివారం లాల్‌దర్వాజాలో నాయనమ్మ దగ్గరికి వెళ్ళా. ముందు గదిలో చాప పరుచుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, దబ్బనంతో ఏదో కుడుతోంది. చూస్తే బొంత. డల్లాస్‌లో ఉన్న మా అక్కకి ఫిబ్రవరిలో డెలివరీ. అమ్మ సంక్రాంతి అయ్యాక పురుడు పోయడానికి వెళ్తోంది. పుట్టబోయే పిల్లకోసం ఈ బొంత. మూడు పాత నూలు చీరలు, తాతయ్య ధోవతి ఒకటి. ఆవాల దిండు కూడా కుడతానంది గానీ, గింజలంటే కస్టమ్స్ వాళ్ళతో లేనిపోని గొడవని అమ్మ వద్దంది.

"ఎన్ని రోజులైంది నాయనమ్మా మొదలుపెట్టి?" అనడిగా.

"దసరా పోయినంక మొదలువెట్టిన. నడుమ కండ్లు మంట పుడితే ఆపిన" అంది. అని వెంటనే, "గంతకు తగ్గ బొంత తియ్. అమెరికాల గిదెవరు కప్పుకుంటరు?" అని తనే తీసిపారేసింది.

ఆ సామెత దగ్గర నేను ఆగిపోయాను. గంతంటే ఎద్దు వీపు మీద వేసే మెత్త. ఇద్దరు పనికిమాలినవాళ్ళు జతపడ్డారని ఎగతాళి చేయడానికి మనం వాడే మాట ఇది. ఇంకోటి చూడండి, మెత్తగా వచ్చి నెత్తికెక్కినవాణ్ణి "ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు" అంటాం. ఏకంటే వడకడానికి సిద్ధం చేసిన దూది పోగు. బొంతా ఏకూ మన నోట్లో ఇంతగా నానాయంటే ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఉండేవనేగా! మరి ఇంత అవసరమైన వస్తువుని ఎందుకింత చిన్నచూపు చూశాం? నేనూ తక్కువేం కాదు. తొమ్మిదో తరగతిలో ఫ్రెండ్స్ ఇంటికొస్తున్నారంటే మంచం మీది బొంత తీసి బీరువా వెనక కుక్కినవాణ్ణి.

సరే, చరిత్రలోకి వెళ్దాం. ముందు ఒక తేడా. పాత చీరల్ని పొరలు పొరలుగా పరిచి, వరుసగా కుట్టేస్తే బొంత. రెండు గుడ్డల మధ్య ఏకిన దూది నింపి కుడితే రజాయి. బొంతకి ఇంట్లో ఆడవాళ్ళు చాలు. రజాయికి మాత్రం ఇంకో మనిషి కావాలి, ఆయనే దూదేకుల సాయిబు.

నా చిన్నప్పుడు చలికాలం ముందు మా గల్లీలోకి ఒకాయన భుజాన పెద్ద విల్లు వేసుకుని వచ్చేవాడు. దాని తీగని దూదిలో పెట్టి, డంబెల్ లాంటి కొయ్యతో కొడితే టుయ్యి టుయ్యిమని మోత. అణిగి గడ్డకట్టిన పాత దూది ఆ అదురుకి విడిపోయి, గాల్లోకి లేచి, కొత్తదానిలా పొంగేది. ఇందులో పెద్ద మాయేం లేదు. దూదిలో పోగులు చిక్కుపడి ఉంటాయి, వాటి మధ్య గాలి ఉండదు. తీగ అదిరితే పోగులు విడతాయి, సందుల్లోకి గాలి చేరుతుంది. చలినాపేది ఆ గాలే. గుడ్డ కేవలం దాన్ని పట్టి ఉంచుతుందంతే.

ఈ విల్లు మన దేశానికి ఎప్పుడొచ్చిందన్నది చరిత్రకారుల మధ్య ఇప్పటికీ తెగని పంచాయితీ. దూదేకే విల్లు, నూలు వడికే రాట్నం రెండూ ఇస్లామిక్ ప్రపంచం నుంచి మధ్యయుగంలో వచ్చాయని ఇర్ఫాన్ హబీబ్ వాదన. రాట్నం గురించి ఆయన చూపించిన పాత సాక్ష్యం మన దక్కన్‌దే కావడం విశేషం. మొదటి బహమనీ సుల్తాను ఆశ్రయంలో ఇసామీ అనే కవి 1350లో పూర్తి చేసిన 'ఫుతూహ్-ఉస్-సలాతీన్' అది. ఢిల్లీని ఏలిన రజియా సుల్తానాని తప్పుబడుతూ, ఆడదానికి సింహాసనం కాదు, చరఖా తగినదన్న ధోరణిలో రాస్తాడాయన. అంటే మన దగ్గర రాట్నం చరిత్రలో ఇంత పాత సాక్ష్యం ఒక వెక్కిరింతలోంచి దొరికిందన్నమాట! దక్షిణాదిలో ఇంతకన్నా ముందే రాట్నం ఉండేదని, 12వ శతాబ్దపు కన్నడ వచనాల్ని చూపించి విజయా రామస్వామి ఎదురు వాదించారు. ఏదేమైనా ఆ బహమనీ రాజ్యం ముక్కలైతేనే గోల్కొండ వచ్చింది, ఆ గోల్కొండ సుల్తానే 1591లో చార్మినార్ కట్టించాడు.

దూదేకులవాళ్ళనే నూర్‌బాషాలనీ, పింజారీలనీ అంటారు. మతం ఇస్లాం. ఆంధ్రా పల్లెల్లో చాలామందికి ఇంటి భాష తెలుగే. పోతులూరి వీరబ్రహ్మం గారి శిష్యుల్లో అందరికీ తెలిసిన సిద్ధయ్య దూదేకులాయనే కదా. హిందువుల ఇంట పెళ్ళికైనా, ముస్లింల ఇంట నికాకైనా పరుపులూ దిండ్లూ రజాయిలూ ఆ చేతుల మీదుగానే పోయేవి. ఇక పాతబస్తీలో ఇచ్చిపుచ్చుకోవడం దానికదే ఒక పద్ధతి. సంక్రాంతికి నాయనమ్మ చేసిన సకినాలు పక్కింటి బీ వాళ్ళకి వెళ్ళేవి. రంజాన్‌కి అదే గిన్నెలో షీర్ ఖుర్మా వచ్చేది. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదన్నది ఇద్దరిళ్ళలోనూ రూలే.

ఇప్పుడు నాణేనికి అవతలి వైపు చూద్దాం. ఇదే గోల్కొండ రాజ్యానికి ఓడరేవు మచిలీపట్నం. 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ దిగింది బట్టల కోసమే. వెదురు కలంతో గీసి, కృష్ణా డెల్టా ఇసుక నేలల్లో దొరికే చిరివేరు నుంచి ఎరుపు తీసి, ఉడికించి, ఉతికి, ఎండబెట్టి, మళ్ళీ అద్ది చేసిన కలంకారీ. అందులో మంచం మీద పరిచే పెద్ద దుప్పటిని 'పలంగ్‌పోష్' అనేవారు. ఇంగ్లీషువాళ్ళకి నోరు తిరగక 'పాలంపోర్' చేసేశారు. కోరమాండల్ తీరపు ఈ దుప్పట్లు యూరప్‌లో గొప్పింటి పడకగదుల్లో పరుపుల మీదకెక్కాయి. ఉతికినా వెలవని రంగు వాళ్ళు అంతకుముందు నూలుగుడ్డ మీద చూసెరగరు. మోజు ఎంత ముదిరిందంటే, తమ పట్టు, ఉన్ని నేతగాళ్ళని కాపాడుకోవడానికి 1686లో ఫ్రాన్స్ వీటిని నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, చాలక 1721లో ఇంకోటి చేసింది. 1719లో లండన్ నేతగాళ్ళు ఈ బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళ మీద వీధుల్లో దాడి చేసి చింపేశారు కూడా. ఫ్రాన్స్ నిషేధం 1759 దాకా, ఇంగ్లండ్‌ది 1774 దాకా నడిచింది.

నాకు బాగా నచ్చిన ముక్క ఇది. ఈ బట్ట ఖరీదు కాబట్టి చిన్న పీలిక కూడా పారేసేవారు కాదు. అందులోని పువ్వుల్ని, పిట్టల్ని కత్తిరించి, మామూలు తెల్లగుడ్డ మీద పెట్టి కుట్టి, దాన్ని క్విల్ట్ చేసుకునేవారు. ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ ఆడవాళ్ళు 18, 19 శతాబ్దాల్లో చేసిన ఇలాంటి క్విల్టులు ఇప్పుడు మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి. మన బట్ట పీలికలతో వాళ్ళు కుట్టుకున్నది కూడా ఒక రకం బొంతే కదండీ! అక్కడది మ్యూజియంలో, ఇక్కడిది బీరువా వెనక.

కానుకల విషయానికొస్తే, ఇంకో కథ కూడా మన ఊరిదే. 1947 నవంబర్ 20న బ్రిటన్ యువరాణి ఎలిజబెత్ పెళ్ళి. హైదరాబాద్ అప్పటికి ఇండియాలో కలవలేదు. పాతబస్తీ పురానీ హవేలీలో పుట్టిన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్, పెళ్ళికూతురికి నచ్చినవి తీసుకోనివ్వమని కార్టియర్ నగల కంపెనీకి చెప్పేశాడు. ఆవిడ ఒక కిరీటం, ఒక వజ్రాల హారం ఎంచుకుంది. కిరీటాన్ని 1973లో విడగొట్టి ఆ రాళ్ళతో ఇంకోటి చేయించుకున్నారు. హారం ఇంకా 'నిజాం నెక్లెస్' పేరుతోనే ఉంది, 2014లో కేట్ మిడిల్టన్ పెట్టుకుంది. ఒకరకంగా అది ఆ కాలపు గిఫ్ట్ కార్డ్ అనుకోండి, కాకపోతే లిమిట్ ఐదొందలు కాదు!

అదే పెళ్ళికి గాంధీ కూడా కానుక పంపాడు. ఇవ్వడానికి నా దగ్గరేముంది అంటే, రాట్నం ఉందిగా అని మౌంట్‌బాటెన్ గుర్తుచేశాడట. స్వయంగా వడికిన నూలుతో అల్లించిన ఒక చిన్న లేసు గుడ్డ, మధ్యలో జైహింద్ అని. రెండున్నర వేలకు పైగా వచ్చిన కానుకల్లో దాన్ని చూసి, పెళ్ళికూతురి నాయనమ్మ క్వీన్ మేరీ అది గాంధీ గోచీ గుడ్డ అనుకుని మొహం చిట్లించుకుందని చెబుతారు. కానీ పెళ్ళికూతురు దాన్ని దాచుకుంది. ఏళ్ళ తరవాత తనకి తీసి చూపించిందని, 2022లో ఆవిడ చనిపోయినప్పుడు మోదీ గుర్తుచేసుకున్నారు.

దీన్నిబట్టి చేత్తో చేసిందే గొప్ప, కొన్నది తక్కువ అని నీతి చెప్పబోవడం లేదు. చేత్తో చేయడం వెనక ఎవరి చెయ్యి ఉందో చూడాలి. ఆమధ్య షాలిబండ వైపు ఒక దూదేకే షాపులో నాయనమ్మ దిండ్లు ఇచ్చి కూర్చున్నా. ఇప్పుడు కరెంటు మిషనే, పది నిమిషాల పని. పాత విల్లు గోడకి వేలాడుతోంది. "చాచా, విల్లుతో చేస్తే ఇంకా బాగుంటుందంటారు కదా" అన్నా తెలివిగా. ఆయన నవ్వి, "అచ్ఛా రహతా బేటా. మగర్ మా అబ్బాకి దగ్గు ఉండె. దూది దుమ్ము మొత్తం ఛాతీలకి పోతది. పిల్లల్ని ఇందులకి రానియ్యలే, ఒకడు ఆటో నడుపుతడు" అన్నాడు. నేను మళ్ళీ నోరెత్తలేదు. నాకు జ్ఞాపకంగా మిగిలిన ఆ టుయ్యి టుయ్యి ఆయన తండ్రి ఊపిరితిత్తుల్లోంచి వచ్చింది. దానికి మనం ఇచ్చింది కిలోకి ఇంతని కూలి, పైగా అందులోనూ బేరం.

నాయనమ్మ పనికైతే ఆ కూలి కూడా లేదు. ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోక ఎఫర్ట్ ఎస్టిమేట్ వేశా. తక్కువలో తక్కువ ఇరవై రెండు రోజులు, రోజుకి రెండు గంటలు, వెరసి నలభై నాలుగు గంటలు. క్లయింటుకి నా పేరు మీద వేసే రేటు గంటకి పాతిక డాలర్లు. ఆ లెక్కన ఈ బొంత పదకొండు వందల డాలర్లు. ఇది చెబితే నాయనమ్మ పకపకా నవ్వింది. "పైసలిచ్చేటట్టయితే నేనెందుకు కుడ్త? కొనుక్కొమ్మంట" అంది.

నాకు అర్థమైంది ఇదీ. పరాయివాడు డబ్బిచ్చి కొన్న పలంగ్‌పోష్‌కి చట్టాలు పుట్టాయి, మ్యూజియాలు దొరికాయి. ఇంట్లోవాళ్ళ కోసం కుట్టిన బొంతకి ఎవడూ ధర కట్టలేదు. ధర లేదు కాబట్టి విలువ లేదనుకుని, పైన ఒక సామెత కూడా కట్టాం. ఆ సామెతని చివరికి కుట్టినావిడ నోటే పలికించాం. నాకు బాధేసింది అందుకే.

అమ్మ ప్రయాణం ముందు రోజు రాత్రి సూట్‌కేసు తూచాం. ఇరవై మూడు కిలోల లిమిట్, ఇరవై నాలుగున్నర చూపించింది. పచ్చళ్ళు తీయాలా, సకినాలు తీయాలా అని చర్చ. నాయనమ్మ మంచం మీంచే, "గా బొంత తీసెయ్యిరి. అక్కడ మంచి మంచి దుప్పట్లు దొరుకుతయ్" అంది. ఎవరూ ఏం మాట్లాడలేదు. నేను నేల చూపులు చూస్తున్నా. అమ్మ బొంత బయటికి తీసింది. నాలుగు మడతలు వేసి తన హ్యాండ్ బ్యాగులో కుక్కింది.

"విమానంల చలివెడ్తది అత్తమ్మా, నేనే కప్పుకుంట" అంది.

అదండీ సంగతి. మొన్న అక్క ఫోటో పంపింది. పిల్ల బొంత మీద నిద్రపోతోంది, చిన్న పిడికిలి తాతయ్య ధోవతి అంచు మీద ఉంది. నాయనమ్మ ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. పిల్లని చూస్తోందనుకున్నా. "మూల కాడ కుట్టు వంకరవోయింది, చూసినవా?" అంది.

మీ ఇంట్లో అటక మీదో, బీరువా వెనకో ఒక బొంత ఉండే ఉంటుంది. ఓసారి తీసి ఎండలో వేయండి. కుట్టినవాళ్ళు ఇంకా ఉంటే, ఎన్ని రోజులు పట్టిందో అడగండి.