బరువు మోసే గాడిదలు, గుర్రాలు (భారతదేశం)

ఇటుక బట్టీలు, కొండదారుల యాత్రలు, ఇళ్ల నిర్మాణం, చాకిరేవు, జట్కా బండ్ల పనుల్లో ఉన్న గాడిదలు, గుర్రాలు, పొట్టిగుర్రాలు, కంచరగాడిదల సంక్షేమం, వాటిపై బతికే కుటుంబాల ఉపాధి ఇక్కడి విషయం. పందెపు గుర్రాల సంగతి వేరు.

2012 పశుగణనలో సుమారు 3.2 లక్షలున్న గాడిదలు 2019 నాటికి 1.2 లక్షలకు పడిపోయాయి. గుర్రాలు, పొట్టిగుర్రాలు కలిపి 6.2 లక్షల నుంచి 3.4 లక్షలకు తగ్గాయి. ట్రాక్టర్లు, ఆటోలు వచ్చి గాడిదకు పని లేకుండా పోయిందన్నది ఎక్కువగా వినిపించే కారణం. కానీ అవి 2012కు చాలా ముందే పల్లెలకు చేరాయి. ఏడేళ్లలో 60 శాతం మించిన తరుగుదలకు అదొక్కటే చాలదు. దొంగతనం, అక్రమ వధ, చైనాలో ఎజియావో అనే మందు తయారీకి చర్మాల తరలింపు కూడా కారణాలని జంతు సంక్షేమ సంస్థ బ్రూక్ ఇండియా 2022లో చెప్పింది. ఈ వాదనకే బలం ఎక్కువనిపిస్తుంది. కోస్తా ఆంధ్రలో గుంటూరు, ప్రకాశం, కృష్ణా, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో గాడిద మాంసం అమ్మకాలు తరచూ వార్తలకెక్కాయి. నడుంనొప్పికి, ఉబ్బసానికి మంచిదన్న నమ్మకమే గిరాకీకి మూలం. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం మాంసం కోసం వాడదగిన జంతువుల్లో గాడిద లేదు. చర్మాల కోసం గాడిదలను వధించడాన్ని ఆఫ్రికన్ యూనియన్ 2024 ఫిబ్రవరిలో నిషేధించింది.

తెలుగునాట గాడిదలను ప్రధానంగా రజకులు, వడ్డెరలు, కొన్ని చోట్ల కుమ్మరులు పెంచారు. ఎరుకలవారు పూర్వం గాడిదల మీద, ఎద్దుల మీద తీరం నుంచి లోపలి ఊళ్లకు ఉప్పు చేరవేసి ధాన్యం తెచ్చేవారు. 19వ శతాబ్దంలో రైళ్లు రావడం, ఉప్పుపై ప్రభుత్వం పట్టు బిగించడంతో ఆ వర్తకం దెబ్బతింది. తర్వాత అదే జనం మీద నేరస్థ తెగలన్న ముద్ర పడింది.

చట్టం విషయానికొస్తే, 1960 జంతుహింస నివారణ చట్టం కింద 1965లో వచ్చిన నియమాలు ముఖ్యమైనవి. వీటి ప్రకారం గాడిద వీపు మీద 50 కిలోలు, పొట్టిగుర్రం మీద 70, కంచరగాడిద మీద 200 కిలోలు మించి వేయకూడదు. రోజుకు తొమ్మిది గంటలు, విరామం లేకుండా ఐదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు మించే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని ఆపాలి. ముళ్లకర్ర వాడకూడదు.

ఇటుక సుమారు మూడు కిలోలుంటుంది. అంటే 50 కిలోల పరిమితిలో గాడిదకు 16 ఇటుకలు. బట్టీలో కూలి కట్టేది మాత్రం ఇటుకల లెక్కనే. సీజను మొదట్లో అడ్వాన్సు తీసుకున్న గాడిద యజమాని ఎన్ని ఇటుకలు మోయిస్తే అప్పు అంత త్వరగా తీరుతుంది. అదనపు బరువు వెనకున్న అసలు సంగతి ఇది. యజమాని కర్కశత్వం అనడం తేలిక. వీపు మీద వేసే గోనె మెత్త పలచనైతే మూపు మీద, వెన్నెముక వెంట చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది. పని ఆపితే తప్ప మానదు, పని ఆపితే కూలి రాదు. యజమానుల పొదుపు సంఘాలు నడిపి, మెత్తలు కుట్టడం, గిట్టలు చూసుకోవడం నేర్పే పద్ధతికి జరిమానాల కన్నా మంచి ఫలితం ఉందనవచ్చు. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ కూడా 2016లో పనిచేసే గుర్రపు జాతి పశువుల సంక్షేమానికి ప్రత్యేక ప్రమాణాలు తెచ్చింది.

రోగాల్లో భయపడాల్సింది గ్లాండర్స్. 1899 నాటి గ్లాండర్స్ చట్టం స్థానంలో 2009 నుంచి పశువుల అంటువ్యాధుల చట్టం అమల్లో ఉంది. రోగం ఖాయమైతే పశువును చంపక తప్పదు. యజమానికి పరిహారం ఇస్తారు. నిర్ధారణ పరీక్షలు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతాయి. ఈ రోగం మనుషులకూ సోకుతుంది కనుక, ముక్కు నుంచి చిక్కటి చీమిడి, చర్మం మీద గడ్డలు కనిపిస్తే దాచకుండా పశువైద్యుడికి చెప్పాలి.