మాత్ర నాణ్యత తేల్చే తెల్లపొడి.. పెద్ద ఎత్తున తయారీ ఎందుకంత కష్టం?

ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చిన మాత్రైనా, మెడికల్ షాపులో కొన్నదైనా.. లేబుల్‌పై రాసినంత మందు అందులో ఉందా? ఉండకూడని మలినాలున్నాయా? డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు పంపిన శాంపిళ్లలో ఈ సంగతి తేల్చేందుకు ల్యాబ్‌లు ఎక్కువగా వాడే యంత్రం హెచ్‌పీఎల్‌సీ. బల్క్ డ్రగ్స్‌కు పేరున్న హైదరాబాద్‌లో కంపెనీల ల్యాబ్‌లకూ ఇదే ఆధారం. ఇందులో అసలు పని చేసేది 'కాలమ్' అనే సన్నని స్టీలు గొట్టం, దాంట్లో దట్టించిన సిలికా పొడి.

ఏమిటీ పొడి?

కొత్త బూట్ల పెట్టెలో కనిపించే చిన్న పొట్లంలో ఉండేదీ సిలికాయే. ల్యాబ్‌లో వాడేది మాత్రం చాలా శుద్ధమైంది. రేణువులు గుండ్రంగా, సాధారణంగా 3 నుంచి 5 మైక్రాన్ల సైజులో ఉంటాయి. అంటే వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండవు. ఒక్కో రేణువు నిండా సుమారు 10 నానోమీటర్ల రంధ్రాలు. వాటి లోపలి గోడలన్నీ పరిస్తే ఒక్క గ్రాము పొడికే దాదాపు 300 చదరపు మీటర్లు.. అంటే 360 గజాల ప్లాటంత!

ఎలా పనిచేస్తుంది?

మాత్రను కరిగించిన ద్రావణాన్ని పంపు ఒత్తిడితో కాలమ్‌లోకి పంపుతారు. చాలా పరీక్షల్లో రేణువులపై 18 కార్బన్ల గొలుసులతో నూనె స్వభావమున్న పూత ఉంటుంది. మందు, మలినాలు దానికి వేర్వేరుగా అతుక్కుంటూ, విడిపోతూ సాగుతాయి. అందుకే వేర్వేరు సమయాల్లో బయటికొస్తాయి. తెరపై ఒక్కోటి ఒక్కో పీక్‌గా కనిపిస్తుంది. పీక్ విస్తీర్ణాన్ని బట్టి అది ఎంత ఉందో లెక్కిస్తారు.

చిక్కు ఎక్కడ?

ఆల్కహాల్, అమ్మోనియా ద్రావణంలో గుండ్రటి సిలికా రేణువులను పెంచే పద్ధతిని స్టోబర్ బృందం 1968లోనే ప్రచురించింది. రంధ్రాల కోసం సబ్బులాంటి పదార్థాలు కలిపి, తర్వాత కాల్చి తొలగించడం ఒక మార్గం. నానో రేణువులను గుత్తులుగా అతికించడం మరొకటి.

బీకర్‌లో గ్రాముల్లో చేయడం ఒక ఎత్తు, రియాక్టర్‌లో కిలోల్లో చేయడం మరో ఎత్తు. పాత్ర కొలతలన్నీ రెట్టింపు చేస్తే లోపలి ద్రావణం 8 రెట్లవుతుంది. వేడి బయటికి పోయే గోడ మాత్రం 4 రెట్లే పెరుగుతుంది. మధ్యలో ఒక వేడి, అంచున ఒక వేడి. కలపడమూ అంతటా ఒకేలా కుదరదు. దాంతో రేణువులు కొన్ని పెద్దవి, కొన్ని నలుసులు.

రేణువు సైజు సగమైతే కాలమ్‌లో ఒత్తిడి నాలుగింతలు కావాలి. కాబట్టి నలుసులను తీసేయాల్సిందే. ఈ సైజుకు మామూలు జల్లెడ పనికిరాదు. గాలి ప్రవాహంలోనో, ద్రవంలోనో వేరు చేస్తారు. ఇనుము, అల్యూమినియం ఆనవాళ్లు మిగిలినా ప్రమాదమే. కొన్ని మందుల పీక్‌లు తోకలా సాగిపోతాయి.

మనకేంటి?

బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ పొడి మారితే ఫలితమూ మారొచ్చు. రెండు పీక్‌లు కలిసిపోతే మలినం మందు చాటున దాక్కుంటుంది. అందుకే ల్యాబ్‌లు ముందుగా ప్రామాణిక నమూనాతో కాలమ్ పనితీరు సరిచూసుకుంటాయి. దీన్నే 'సిస్టమ్ సూటబిలిటీ' అంటారు.

నాణ్యత లేవని తేలిన మందుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ నెలనెలా బ్యాచ్ నంబర్లతో వెబ్‌సైట్‌లో పెడుతుంది. మీ స్ట్రిప్‌పై ఉన్న నంబరుతో పోల్చి చూసుకోవచ్చు. అయితే అందులో ఉండేవి పరీక్షించిన శాంపిళ్ల వివరాలే. జాబితాలో లేనంత మాత్రాన ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించినట్టు కాదు.