చెరువులో విహార కట్టడాలు: పోరుమామిళ్ల శాసనం నుంచి నేటి నియమాల వరకు

రాయలసీమలో చెరువు అంటే ముందుగా సాగునీరు. అందులో పడవల జెట్టీ, విహార మండపం కట్టవచ్చా అన్నది నేటి ప్రశ్న. దాన్ని పరిశీలించడానికి ఒక పాత శాసనం మీకు ఉపకరిస్తుంది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు నిర్మించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని సాగిందని క్రీ.శ. 1369 నాటి శాసనం చెబుతుంది. మంచి చెరువుకు 12 అంగాలను, 6 దోషాలను అది పేర్కొంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మెరక ఆ దోషాల్లో కొన్ని. చివరిదాన్ని గమనించండి. మెరక ఉన్న మేర నీరు నిలిచే చోటు తగ్గుతుంది. విహారం కోసం నేడు మట్టి పోసి కట్టే దీవి ఫలితమూ అదే.

2017 నాటి చిత్తడి నేలల నియమాలు, గత పదేళ్ల సగటు గరిష్ఠ వరదమట్టం నుంచి 50 మీటర్లలోపు పడవల జెట్టీలు తప్ప శాశ్వత కట్టడాలను నిషేధించాయి. అయితే సాగునీటికోసమే తవ్విన చెరువులను వాటి నిర్వచనం మినహాయించింది. అంటే సీమ చెరువుల్లో అధికభాగానికి ఈ రక్షణ నేరుగా అందదు.

ఆ లోటును కొంత తీర్చింది న్యాయస్థానం. తిరుపతి దగ్గరి పేరూరు, అవిలాల చెరువుల భూమిని ఇళ్లకు కేటాయించిన కేసులో, ఇటువంటి వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనన్న సూత్రాన్ని 2006లో సుప్రీంకోర్టు అన్వయించింది.

కాబట్టి ఏ కట్టడాన్నయినా మూడు ప్రశ్నలతో పరీక్షించండి: నీటి నిల్వ తగ్గుతుందా? తూముకు నీరు అందుతుందా? మరవ మీదుగా వరద సాఫీగా పోతుందా?

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ‘చెరువు నడుమ మెరక’ను శాసనం దోషంగా ఎందుకు ఎంచింది? మీ ఊరి చెరువుకు అన్వయించి రాయండి.