పాత నక్షత్ర వర్ణపటాలు – ఓజోన్ చరిత్ర

ఖగోళ శాస్త్రజ్ఞులు వేరే అవసరానికి గాజు పలకలపై తీసిన నక్షత్ర వర్ణపటాల నుంచి గతకాలపు ఓజోన్ పరిమాణాన్ని లెక్కగట్టే పద్ధతి ఇది.

మూలసూత్రం: నక్షత్రకాంతి నేలను చేరేలోగా అందులోని అతినీలలోహిత కిరణాలను ఓజోన్ పీల్చుకుంటుంది. 1890లో విలియం హగ్గిన్స్ మృగవ్యాధ నక్షత్రం (సిరియస్) వర్ణపటంలో చూసిన నల్లని పట్టీలు ఓజోన్‌వేనని 1917లో శాస్త్రజ్ఞులు ఫౌలర్, స్ట్రట్ తేల్చారు. పట్టీ ఎంత ముదురైతే ఓజోన్ అంత ఎక్కువ. దిగంతానికి దగ్గరైన నక్షత్రం కాంతి ఎక్కువ గాలిని దాటి వస్తుంది కాబట్టి దాని ఎత్తును బట్టి లెక్క సరిచేయాలి. పలకలను స్కాన్ చేసి ఇలా కొలవవచ్చని కెనడాకు చెందిన ఎలిజబెత్ గ్రిఫిన్ చూపారు.

ప్రాముఖ్యం: నేలపై నుంచి డాబ్సన్ పరికరంతో ఓజోన్ కొలతలు 1920లలో, ఉపగ్రహ కొలతలు 1970లలో మొదలయ్యాయి. అంతకు ముందరి వాతావరణానికి ఈ పలకలు అరుదైన సాక్ష్యాలు. ఒక్క పలక పగిలినా ఆ రాత్రి ఆకాశం మళ్లీ దొరకదు.

తెలుగు నేలపై: 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శినితో పరిశీలించారు. అది కంటితో చూసినదే కనుక ఓజోన్ లెక్కకు అక్కరకు రాదు. రాజమండ్రి ఉన్న 17 డిగ్రీల అక్షాంశం వంటి ఉష్ణమండలంలో ఓజోన్ పలుచన; మొత్తాన్ని నేలమట్టపు పీడనంలో పరిస్తే సుమారు రెండున్నర మిల్లీమీటర్లే. గోదావరి డెల్టా వరిచేలలో ఎండలో వంగి నాట్లు వేసేవారికి అదే గొడుగు.