చిటికి కట్టిన వీథి

పాత పాటలోని పల్లవిని కత్తిరించి, దానికి క్రొత్త తాళము నతికి, రీమిక్సు అను పేర వినిపించు కుఱ్ఱవాండ్రను జూచి మోత్కూరు పెద్దలు ముఖము చిట్లించుకొనుట సహజమే. నాకు మాత్రము ఆ విద్యపైనను, టోక్యో నగరమందలి హరాజుకు వీథులలో కిమోనో ముక్కలను పాశ్చాత్య వస్త్రములతో కలగలిపి తొడుగు యువజనుల వేషములపైనను తీరని మోజు. ఆవోకి షోయిచి అను ఛాయాగ్రాహకుడు 1997లో ఆరంభించి, 2017 వరకు అచ్చువేసిన ‘ఫ్రూట్స్’ పత్రికలోని ఆ బొమ్మలను చూచినప్పుడెల్ల నాకు మన నల్లగొండ చిటికి నేత జ్ఞప్తికి వచ్చును; ఏలయన, ఉన్నదానిని విప్పి వేఱొక తీరున కూర్చుట మన నేతగాండ్రకు క్రొత్త గాదు.

తేలియా రుమాలు కథ చూడుడు. తీరమందలి చీరాలలో పేరొందిన ఆ చదరపు గుడ్డ వీథిలో బ్రతికినది. బెస్తవారు దానిని లుంగీగా కట్టిరి, తలకు చుట్టిరి. ఓడలెక్కి అది అరబ్బు దేశములకు పోయి అక్కడివారి శిరస్సుల నలంకరించెను. ఎఱుపు, నలుపు, తెలుపు తప్ప వేఱు రంగెఱుగని ఆ రుమాలుపై గళ్లు, చుక్కలు ఉన్న చోటనే క్రమముగా గడియారములును, విమానములును వెలసినవి. ఆకాశమున క్రొత్తగా కనిపించిన యంత్రమును నూలులోనికి దింపిన ఆ సాలెవాని సాహసమును రీమిక్సు అనక మఱేమనవలెను?

ఇరువదవ శతాబ్దపు తొలిపాదమున ఈ చిటికి నేత పోచంపల్లి ప్రాంతమున వేళ్లూనెను. తేలియా పద్ధతి పుట్టపాకలో నిలిచెను. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదనీటిలోను దినముల తరబడి ముంచి, పిసికి, ఎండబెట్టుదురు. అందువలన ఎఱుపు గాఢముగా పట్టుటయే గాక, గుడ్డకు నూనె వాసనయు మిగులును. చల్కనేలల ఈ మెట్టసీమలో ఆముదము విరివిగా పండుట ఆ పనికి కలిసివచ్చినది. రంగు తగులకూడని చోటుల నూలును బిగించికట్టుటయే చిటికి. దానికి సైకిలు ట్యూబును సన్నని పట్టీలుగా కోసి వాడుదురు. అరిగిన చక్రమునుండి వచ్చిన ఆ రబ్బరు తునక తొలగినప్పుడు దాని క్రింద తెల్లని చుక్క బయటపడును.

ఈ సొగసు వెనుక స్త్రీల భుజముల నొప్పి యున్నది. అర్ధచంద్రాకారపు చట్రమునందలి మేకుల చుట్టు నూలును చేతితో అటునిటు వేల పర్యాయములు త్రిప్పుటయే ఆసు పోయుట. ఆలేరు మండలము శారాజిపేటలో తన తల్లి లక్ష్మి ఈ బాధ పడుట చూడలేక చింతకింది మల్లేశము 1999లో ఆసుయంత్రము నిర్మించి, దానికామె పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. అంతకుముందు 2011లో పుట్టపాక నేతగాడు గజం గోవర్ధనకు అదే గౌరవము దక్కినది.

జపానులోను ఇట్టి నేతయే కలదు; కసురి యందురు. కురుమె పట్టణమున 1788లో జన్మించిన ఇనొవె దెన్ అను బాలిక, వెలిసిన పాతగుడ్డపై తెల్లమచ్చలను జూచి, దారములను విప్పి పరిశీలించి, తానును కట్టి రంగువేయ నేర్చినదని చెప్పుదురు. కర్షకుల పనిదుస్తులకు అదియే ఆధారమయ్యెను. తెల్లమచ్చ ఏల కలిగినదని ఒక పిల్ల అడుగుటతో ఒక ప్రాంతపు పరిశ్రమయే బయలుదేరినది. హరాజుకు పిల్లల వెఱ్ఱివేషములను జూచి నవ్వువారు ఈ పిల్లను మఱవరాదు.

స్వాతంత్ర్యానంతరము తేలియా రుమాలు చీరగాను మాఱినది. ఇక్కత్తు అను పేర పోచంపల్లి చిటికి నేతకు 2005లోను, తేలియా రుమాలుకు 2020లోను భౌగోళిక గుర్తింపు లభించెను. అయినను యంత్రముపై అచ్చొత్తిన నకళ్లు సంతలనిండ నున్నవి. రూపకల్పనను మార్చువారిని నేను తప్పుపట్టను. చేతిపనిని దొంగిలించి చౌకగా అమ్మువారిని క్షమింపలేను. కావున కొనునప్పుడు గుడ్డను తిరగవేసి చూడుడు: అచ్చు వేసినదైన వెనుకవైపు వెలవెలబోవును, చిటికియైన ఇరువైపుల నొకే తీరుగా నుండును.