గొంతు పోయిన రాకుమారుడు

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడుతుంటే మనకు ఇద్దరు కనిపిస్తారు. ఒకరు సాయన్న, ఇంకొకరు కథ చెప్పే మనిషి. ఆ రెండో మనిషిని తీసేస్తే మిగిలేది దోపిడీలూ, వెంటాడటాలూ. 2004లో ఒక వీడియో గేమ్ సరిగ్గా ఈ పనే చేసింది.

1989లో జోర్డాన్ మెక్నర్ ఆపిల్ టూ కంప్యూటర్ మీద చేసిన మొదటి 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'లో కథ చాలా చిన్నది: గంటలోపు రాకుమారిని విడిపించాలి. తమ్ముడు పరుగెత్తుతుంటే వీడియో తీసి, ఆ కదలికల్ని ఒక్కొక్క ఫ్రేమూ బొమ్మగా మార్చుకున్నాడు. 1999లో త్రీడీలోకి వచ్చిన భాగం దెబ్బతింది. సిరీస్‌ని మళ్లీ నిలబెట్టింది 2003లో యూబీసాఫ్ట్ మాంట్రియల్ చేసిన 'ది సాండ్స్ ఆఫ్ టైమ్'. దాని స్క్రిప్టు మెక్నర్‌దే.

ఆ ఆట మొత్తం రాకుమారుడు చెప్తున్న కథ. మనం గోడ మీంచి జారి చచ్చిపోతే, "కాదు కాదు, అలా జరగలేదు" అన్నట్టు తనను తాను సరిదిద్దుకుంటాడు. సేవ్ చేస్తే, ఈసారి ఇక్కణ్నుంచే మొదలుపెడతానంటాడు. ఇంతకీ వింటున్నదెవరో చివర్లో తెలుస్తుంది: ఫరా, ఒక భారతీయ మహారాజు కూతురు. అతను కాలాన్ని వెనక్కి తిప్పేశాడు కాబట్టి, కలిసి పడ్డ కష్టం ఏదీ ఆమెకు గుర్తులేదు. అందుకే చెప్పాల్సి వచ్చింది.

మరుసటి ఏడాదే 'వారియర్ విదిన్' వచ్చింది. ఫరా లేదు. కథ చెప్పే గొంతు లేదు. రాకుమారుడికి గొంతిచ్చిన నటుడు కూడా మారిపోయాడు. బదులుగా తెగిపడే తలలు, హెవీ మెటల్ సంగీతం. దహాకా వెంటపడే ఘట్టాలు గుండెలదరగొడతాయి, నిజమే. చేతులు మారిన సీడీల్లో ఈ ఆటలు ఆడిన మా వనపర్తి పోరగాళ్లలో ఇదే గొప్పదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కత్తియుద్ధం వరకైతే వాళ్ల మాట కరెక్టే.

అసలు చిక్కు అక్కడే ఉంది. మొదటి ఆట మీద రివ్యూల్లో తరచూ వినిపించిన ఫిర్యాదు యుద్ధాల గురించే. దాన్ని శ్రద్ధగా సరిచేశారు. మా సాఫ్ట్‌వేర్ పనిలోనూ ఇంతే: చెడిపోయినదాని మీద వంద టికెట్లు వస్తాయి, బాగున్నదాని మీద ఒక్కటీ రాదు. అందుకే తర్వాతి వెర్షన్‌లో ముందు ఎగిరిపోయేది ఆ బాగున్నదే.

ఈ ఆట తీరు, అందులోని హింస తనకు నచ్చలేదని మెక్నర్ తర్వాత బయటికే చెప్పాడు. 2005లో వచ్చిన 'ది టూ థ్రోన్స్'లో ఫరా తిరిగొచ్చింది, పాత నటుడూ వచ్చాడు. కథ చెప్పే గొంతు కూడా వచ్చింది, కానీ ఈసారి అది కైలీనాది. రాకుమారుడు మాత్రం తన కథ తాను చెప్పడం ఆట చివర్లోనే మొదలుపెడతాడు.

కిన్నెర కథ విన్నవాళ్లు సాయన్న ఎన్ని దాడులు చేశాడో లెక్కపెట్టరు. చెప్పిన గొంతుని గుర్తుపెట్టుకుంటారు. నచ్చినప్పుడు ఆ మాట పైకి చెప్పడం కూడా వినేవాళ్ల పనే.